మృగయాధర్మము - వేటగానియెడ మన దృష్టి

ప్రతి సంవత్సరము కనుమ పండుగనాడు తిరుమలక్షేత్రమున పారువేట ఉత్సవము జరుగును. శ్రీ మలయప్పస్వామివారు పాపవినాశనము మార్గమునందలి పారువేట మండపమునకు వేంచేయుదురు. అచట స్వామి పక్షమున అర్చకులు ముందునకు పరుగిడి, ఆయుధమును విసరి, వేటను అభినయింతురు. ఏ మృగమునకును కించిత్తు హాని కలుగదు. అయినను ఉత్సవము పేరు వేటయే. అహోబిలక్షేత్రమున కనుమనాడు ప్రారంభమగు పారువేట దీనికంటె దీర్ఘమైనది. అచట నృసింహస్వామి పల్లకి నెక్కి సుమారు 40 దినములు చుట్టుపట్ల గ్రామములలో సంచరించి, ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవములకు, తన కల్యాణమునకు, ప్రజలను తానే స్వయముగా పిలుచును. పల్లకి కదలు సమయమున నల్లమల చెంచులు విల్లంబులతో వచ్చి, పల్లకివైపు బాణములు సంధించి, తమ యింటి అల్లునికి మర్యాద చేయుదురు.

ఈ రెండు ఉత్సవములను గూర్చి, మా చర్లపల్లిలో పురాణశ్రవణమునకు వచ్చు గృహస్థులు రెండు ప్రశ్నలు వేసిరి. ఒక తల్లి, "అయ్యగారూ, చీమకు సైతము చక్కెర వేయుమని పిల్లలకు నేర్పుచున్నాము. స్వామి వేటకు పోవుచున్నాడనగా మా మనుమడు, స్వామి జింకను చంపునా యని అడిగినాడు. ఏమని చెప్పవలెను?" అనెను. అహోబిలయాత్ర చేసి వచ్చిన ఒక పెద్దమనిషి, "అడవిలో జంతువులను చంపి తినువారిచేత స్వామి పల్లకిమీద బాణము వేయించుట అపచారము కాదా?" అని అడిగెను. మొదటి ప్రశ్న వేటను గూర్చినది. రెండవది వేటగానిని గూర్చినది. ఈ రెండును ఒకటే యని మనము సాధారణముగా భావింతుము. శాస్త్రము అట్లు భావింపలేదు. ఆ భేదమును యథామతి విచారించుటయే ఈ వ్యాసము యొక్క ప్రయోజనము.

మొదట పదములను చూతము. అమరసింహుడు వేటగానికి వ్యాధుడు, మృగవధాజీవుడు, మృగయువు, లుబ్ధకుడు అని నాలుగు పేర్లు చెప్పెను. కొట్టువాడు, గ్రుచ్చువాడు గనుక వ్యాధుడు. మృగవధచే జీవించువాడు గనుక మృగవధాజీవుడు. ఈ రెండును వాని పనిని చెప్పుచున్నవి. మృగయువు అను మాటలో వెదకుట యను అర్థము కలదు. మృగ ధాతువునకు అన్వేషణమే అర్థము. వెదకబడునది మృగము, వెదకుట మృగయ. ఇక నాల్గవది లుబ్ధకుడు. లోభము కలవాడు అని దాని యర్థము. ఇది వేటగాడు తనకు తాను పెట్టుకొనిన పేరు కాదు, ఊరిలో నున్నవాడు అడవిలోని వానిని చూచి పెట్టిన పేరు. చంపువానికెల్ల లోభము ఉండి తీరునని ఊరివాని యభిప్రాయము. ఆకలిని లోభమని పిలుచుట న్యాయమా యని ఆ పేరు పెట్టినవారు ఆలోచించినట్లు కానరాదు. అట్లని ఆ పదము అబద్ధమును కాదు. లోభముచే వేటాడువారును ఉన్నారు, నేటికిని ఉన్నారు. పొరపాటెక్కడ ననగా, ఆ ఒక్క పేరును అందఱికిని అతికించుటలో.

శ్రీమద్రామాయణము వేటగానిని ఎట్లు చూచినదో పరిశీలింపుడు. తమసానదీతీరమున క్రౌంచమిథునములో మగపక్షిని కొట్టిన నిషాదుడు వాల్మీకి మహర్షి శాపమునకు గుఱియయ్యెను. ఆదికావ్యమునకు ఆ శోకమే బీజము. ఇంతవఱకు అందఱికిని తెలిసినదే. కాని ఆ కావ్యములోనే, అయోధ్యాకాండమున, గంగాతీరమందు శృంగిబేరపురాధిపతియైన గుహుని శ్రీరామచంద్రుడు గాఢముగా కౌగిలించుకొనెను. గుహుడెవరు? నిషాదుడే. బాలకాండమున శపింపబడినవాడును, అయోధ్యాకాండమున ఆలింగనము పొందినవాడును ఒకే జాతివారు. నిషాదత్వమే దోషమైనచో మహర్షి ఈ రెండవ ఘట్టమును వ్రాయడు. శాపమునకు హేతువు, కామమోహితమై జంటగా నున్న ప్రాణులలో ఒకదానిని కొట్టుట. అనగా సమయదోషము, దయాలోపము. ఈ విషయమును మహాభారతము ఇంకను స్పష్టముగా చర్చించినది. దానికి ముందు దశరథుని సంగతి చెప్పవలెను.

దశరథుడు యువరాజుగా నున్న కాలమున, వర్షర్తువునందు, రాత్రివేళ సరయూతీరమున పొంచియుండెను. నీరు త్రావుటకు వచ్చు మహిషమునో గజమునో కొట్టవలెనని వాని కోరిక. చీకటిలో కుండ నిండు శబ్దము వినబడెను. ఏనుగు శబ్దమనుకొని శబ్దవేధి బాణము వేసెను. అంధులైన తల్లిదండ్రులకు నీరు తీసికొనిపోవుచున్న మునికుమారుడు పడిపోయెను. ఆ బాలునకు శ్రవణకుమారుడను పేరు లోకమున ప్రసిద్ధమేకాని, వాల్మీకి వాని పేరు చెప్పలేదు. ఇందు దశరథుడు చేసిన అపరాధము ఏది? క్షత్రియుడు వేటకు పోవుట కాదు. కంటితో చూడనిదానిపై బాణము వేయుట. శబ్దమును బట్టి కొట్టగలనను నేర్పునకు గర్వించుట. కాళిదాస మహాకవి రఘువంశము తొమ్మిదవ సర్గయందు ఈ కథనే చెప్పుచు, యుద్ధమున దప్ప ఏనుగును చంపుట రాజునకు నిషిద్ధమని గుర్తుచేసెను. అదే సర్గలో దానికి ముందు మఱొక చిత్రమును చూపెను. దశరథుడు ఒక జింకకు గుఱిపెట్టగా దాని ఆడుజింక అడ్డముగా వచ్చి నిలిచెను. రాజు చెవివఱకు లాగిన వింటిని దించివేసెను. ఒకే దినచర్యలో ఒకే మనుష్యుడు చూచినప్పుడు దయామయుడు, చూడనప్పుడు ఘాతకుడు. మహాకవి ఈ రెండు ఘట్టములను ఒక్క సర్గలో నుంచుట కాకతాళీయమని నేను అనుకొనను.

ఇక పాండురాజు వృత్తాంతము. వేటగాడును, వేటకు గుఱియైన ప్రాణియు ముఖాముఖి వాదించుకొనిన ఘట్టము మన వాఙ్మయమున ఇంత విపులముగా మఱియొకటి అరుదు. ఆదిపర్వమున కిందముడను ముని భార్యతో గూడ మృగరూపమున నుండగా, పాండురాజు ఆ మృగమిథునమును ఐదు బాణములతో కొట్టెను. పడిపోయిన మృగము మనుష్యవాక్కుతో రాజును నిందించెను. పాండురాజు తలవంచలేదు, సమాధానము చెప్పెను. రాజులు శత్రువులయెడ ఎట్లు ప్రవర్తింతురో మృగములయెడను అట్లే ప్రవర్తింతురు. బహిరంగముగనో మాయచేతనో కొట్టుట రాజధర్మముగా నున్నది. అగస్త్యమహర్షి సత్రయాగము చేయుచు వేటాడి మృగములను సర్వదేవతలకు ప్రోక్షించెను. అట్టి ప్రమాణ ముండగా నన్నేల నిందింతువు? ఇది నేటి వేటగాడును చెప్పు వాదమే. పూర్వులు చేసిరి, శాస్త్ర మొప్పుకొన్నది, నీకేమి?

కిందముని ప్రత్యుత్తరమును మనము శ్రద్ధగా వినవలెను. తన ప్రాణము పోవుచున్న సమయమున గూడ ఆయన వేటనంతటిని ఖండింపలేదు. మృగమును కొట్టినందులకు నా కొఱకై నిన్ను నిందింపను అనెను. శత్రువునైనను వాడు సిద్ధముగా లేనప్పుడు, ఆపదలో నున్నప్పుడు కొట్టరాదు గదా, నేను దాంపత్యసుఖమున నున్న సమయము ముగియువఱకు నీవు ఆగియుండవలసినది అనెను. మునియని తెలియక చేసితివి గనుక బ్రహ్మహత్యాదోషము నీకు అంటదనియు చెప్పెను. శాపము మాత్రము ఆ దోషమునకు తగినట్లు ఇచ్చెను: అదే స్థితిలో నీకును మరణము కలుగును. పాండురాజు వాదమును ఆయన వాదముతో పూర్తిగా ఖండింపలేదని, శాపముచే నోరుమూయించెనని కొందఱందురు. నాకట్లు తోచలేదు. పాండురాజు "వేటాడవచ్చునా" అను ప్రశ్నకు సమాధానము చెప్పినాడు. ముని అడిగిన ప్రశ్న అది కాదు. "ఎట్లు వేటాడితివి" అని ఆయన యడిగెను. అనుమతి కలదనుటచే చేసిన తీరు సమర్థింపబడదు.

వాలి శ్రీరాముని నిందించినప్పుడును వేటమాటయే వచ్చినది. నా చర్మము ధరింప యోగ్యము కాదు, మాంసము తినదగినది కాదు, పంచనఖములు గల ప్రాణులలో భక్ష్యములు ఐదు మాత్రమే, వానిలో వానరము లేదు, నన్నేల కొట్టితివని వాలి అడిగెను. ప్రయోజనము లేని వధ దోషమనునది వాలి యభిప్రాయము. అది ధర్మశాస్త్రసమ్మతమే. శ్రీరాముడు చెప్పిన సమాధానములో ముఖ్యాంశము వాలి తమ్ముని భార్యయెడ చేసిన అధర్మము. అటుపిమ్మట, మనుష్యులు వలలతోను పాశములతోను దాగియుండియు మృగములను పట్టుదురనియు చెప్పెను. దీనిని పట్టుకొని, దొంగచాటు వేటకు రామాయణమే ప్రమాణమని వాదించువారు కలరు. దండనీయుని దండించు సందర్భమున చెప్పిన మాటను, నిరపరాధియైన కుందేటికి ఉచ్చు పన్నుటకు ప్రమాణముగా తెచ్చుట సరికాదు.

సీతమ్మ మాటను విడువరాదు. అరణ్యకాండమున ఋషులకు అభయమిచ్చి దండకారణ్యమునకు పయనమగుచున్న రామునితో ఆమె, కామమువలన మూడు వ్యసనములు పుట్టుననియు, అందు వైరము లేకుండ హింసించుట ఒకటి యనియు, చేత ఆయుధమున్నచో మనస్సు దానివైపే పోవుననియు మృదువుగా హెచ్చరించెను. ఇంద్రుడు దాచిన ఖడ్గమును కాపాడుచు కాపాడుచు క్రూరుడైపోయిన తాపసుని కథను చెప్పెను. ఇది రాక్షసులను గూర్చి చెప్పిన మాటయైనను, ఆయుధము పట్టు ప్రతివానికిని వర్తించును. అట్టి తల్లియే కొన్ని సర్గలు గడచినంత బంగారులేడిని చూచి, ప్రాణముతో దొరకనిచో దాని చర్మమైనను కావలెనని కోరెను. ఇందు అమ్మవారి లీల వేఱు. కాని మన యిండ్ల సంగతి వేఱు. వేటగానిని ఏవగించుకొనువారి గోడమీద పులిచర్మము, జింకకొమ్ములు వ్రేలాడుట మన తరమువారు చూడని దృశ్యము కాదు.

మనువు కామజములైన పది వ్యసనములలో మృగయను మొదట చెప్పెను. మద్యము, జూదము, స్త్రీలోలత్వము, వేట యను నాలుగింటిని మిక్కిలి కష్టమైనవిగా పేర్కొనెను. కౌటిల్యుని అర్థశాస్త్రమున, వేట కంటె జూదమే మేలని పిశునుడు చెప్పగా, కౌటిల్యుడు అంగీకరింపలేదు. జూదముకంటె వేటయే మేలని, వేటవలన దేహవ్యాయామము, చలించు లక్ష్యమును కొట్టు అభ్యాసము, కోపభయములలో మృగముల మనస్సును తెలిసికొను జ్ఞానము కలుగునని ఆయన సిద్ధాంతము. శాకుంతలమున దుష్యంతుని సేనాపతియు ఇంచుమించు ఇట్లే వేటను పొగడును. ఆ నాటకములోనే తాపసులు చేతులెత్తి, ఇది ఆశ్రమమృగము, కొట్టవలదని రాజు నాపుదురు. రాజు వెంటనే బాణమును ఉపసంహరించును. ఆంధ్రకవితాపితామహుడైన పెద్దనార్యుడు మనుచరిత్రమున స్వరోచి వేటను ఎంతో విపులముగా వర్ణించెను. కవులు వేటను వర్ణించుటలో వెనుదీయలేదని చెప్పుటకే ఈ మాట.

రాజులలో వేటను మానినవానిని చూడగోరువారు కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడికి పోయి అశోకుని శిలాశాసనములను చూడవచ్చును. పూర్వపు రాజులు వేట మొదలగు వినోదములతో విహారయాత్రలు చేసిరనియు, తాను పట్టాభిషిక్తుడైన పదియవ సంవత్సరమున సంబోధికి పోయి, నాటినుండి ధర్మయాత్రలు ప్రారంభించెననియు ఆయన చెప్పుకొనెను. మఱియొక శాసనమున తన వంటశాలలో పూర్వము లెక్కలేనన్ని ప్రాణులు చంపబడుచుండగా, అది రెండు నెమళ్లు, ఒక మృగము వఱకు తగ్గినదనియు, ఆ మృగము కూడ నిత్యము కాదనియు, ముందు అవియు చంపబడవనియు ప్రకటించెను. నేను ఈ శాసనమును మెచ్చుకొనుటకు కారణము దాని సత్యము. చక్రవర్తి యైనను "నేను అహింసకుడను" అని గొప్పలు చెప్పలేదు, ఇంకను మూడు ప్రాణులు మిగిలినవని లెక్క చెప్పెను.

ఇట్టి లెక్క మనము చెప్పగలమా? ఇందులకే వ్యాసభగవానుడు వనపర్వమున ధర్మవ్యాధుని కథ నుంచెను. తపోగర్వముతో కొంగను కాల్చిన కౌశికుడు, ఒక పతివ్రత మాటవలన మిథిలకు పోయి, మాంసపు అంగడిలో కూర్చున్న వ్యాధుని చూచెను. ఆ వ్యాధుడు, నేను స్వయముగా చంపను, ఇతరులు చంపిన వరాహమహిషముల మాంసమును అమ్ముదును, నేను తినను, తల్లిదండ్రులను సేవింతును అని చెప్పెను. పిమ్మట, నాగలితో దున్నువాడు భూమిలోని ఎన్ని ప్రాణులను చంపుచున్నాడు, నడచువాడు కాళ్లక్రింద ఎన్నింటిని త్రొక్కుచున్నాడు, హింస లేనివాడు లోకమున ఎవడు అని కౌశికుని ప్రశ్నించెను. కౌశికుడు ఉత్తమకులజుడు, వేదాధ్యయనపరుడు. అయినను అంగడియందు నిలుచుండి వినవలసివచ్చెను.

ధర్మవ్యాధుని మాటను హింసకు సమర్థనగా గ్రహింపరాదు. అంతటను హింస కలదు గనుక నేనును చంపుదుననుట వాని తాత్పర్యము కాదు. వాడు తినలేదు, చంపలేదు. కాని చంపువానిని దూరముగా నిలిపి తాను శుద్ధుడనని మురియువానికి అది మందు. మా చర్లపల్లికి సమీపముననే చెంగిచెర్లలో పశువధశాల కలదు. నగరమున మాంసము తినువారు లక్షలమంది. వారిలో అనేకులు అడవిలో కుందేలును కొట్టిన గిరిజనుని వార్త చదివి "ఎంత క్రూరుడు" అందురు. మనవంటి శాకాహారులము వారికంటె మేలని అనుకొనవచ్చును. అయితే మన యింటికి వచ్చు బియ్యము, వేరుశనగ, మొక్కజొన్న పండించు రైతు రాత్రులు మంచెమీద కూర్చుండి అడవిపందులను తోలుచున్నాడు. పంట నాశనమైనచో తెలంగాణలో నిబంధనలకు లోబడి వానిని కాల్చుటకు అనుమతు లిచ్చు ఏర్పాటును ప్రభుత్వము చేసినది. తిరుమలలో ముందుగా వరాహస్వామిని సేవించి మనము తిను ప్రసాదములోని ధాన్యమునకును వరాహమునకును గల ఈ సంబంధమును తలచినప్పుడు, శుద్ధాశుద్ధములను గూర్చి గట్టిగా మాటలాడుటకు నాకు నోరు రాదు.

ఇచట ఒక విషయము చెప్పక తప్పదు. పొలముచుట్టు, అడవిదారులలో, కరెంటు తీగలు అమర్చి అడవిపందులను చంపు దుష్టపద్ధతి మన జిల్లాలలో వ్యాపించినది. ఆ తీగకు పందియో, పులియో, పశువులకాపరియో తెలియదు. ఉచ్చుకును తెలియదు. మనుష్యులును పులులును ఇట్లు మరణించిన వార్తలు మనము చదువుచునే యున్నాము. దశరథుడు శబ్దమును విని కొట్టెను. తీగ అమర్చినవాడు ఆ శబ్దమునైనను వినడు, ఇంటిలో నిద్రించును. శాస్త్రము ఏ వేటనైనను సహించినదేమో గాని, దీనిని సహించు వాక్యము నాకు ఎక్కడను కనబడలేదు.

వినోదపు వేట సంగతి ఈ నగరమునకు క్రొత్త కాదు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ పులివేటకు ప్రసిద్ధుడు. మా తూర్పుదిక్కుననే, నేటి వనస్థలిపురమువద్ద, నిజాముల వేటభూమి యుండెను. శ్రీ వర్ధమానమహావీరుని 2500వ నిర్వాణోత్సవ సందర్భమున, 1975లో, అది మహావీర హరిణవనస్థలి యను పేర కృష్ణజింకలకు ఆశ్రయ మయ్యెను. వేటలో ఆనందించిన నేలకు అహింసామూర్తి పేరు పెట్టుట ఎవరి యాలోచనయో గాని చక్కని యాలోచన. ఉప్పల్, నాచారము ప్రాంతపువారు పిల్లలను అచటికి తీసికొనిపోయి చూపవచ్చును.

భయనివారణకై చేయు వేటయు కలదు. జిమ్ కార్బెట్ దొర 1907లో చంపావతి ఆడుపులిని కొట్టెను. అది 436 మందిని పొట్టబెట్టుకొన్నదని లెక్క. కుమావూఁ గ్రామీణులు ఆయనను సాధువువలె పూజించిరి. తరువాత ఆయన తుపాకిని తగ్గించి కెమెరా పట్టెను. 1957లో ఒక జాతీయోద్యానమునకు ఆయన పేరు పెట్టబడెను. ఇక 2018 నవంబరు 2వ తేదీన మహారాష్ట్రలో యవత్‌మాల్ జిల్లాయందు అవని యను ఆడుపులి కాల్చి చంపబడెను. పదముగ్గురి మరణమునకు అది కారణమని అధికారుల నిర్ణయము. సుప్రీంకోర్టు కూడ ఆ ఉత్తరువులో జోక్యము చేసికొనలేదు. దానిని కొట్టినవారు మన హైదరాబాదు వారే. అయినను దేశమంతట నిరసనలు చెలరేగినవి. పట్టణములవారు దానిని హత్య యనిరి. ఆ పులికి భయపడి నెలల తరబడి పొలమునకు పోలేని గ్రామములవారు సంతోషించిరి. ఒకే బాణమును ఒడ్డున నున్నవాడు ఒక విధముగను, నీటిలో నున్నవాడు మఱొక విధముగను చూచును. మత్తుమందిచ్చి పట్టవచ్చునేమో యను ప్రశ్న న్యాయమైనదే, అది అడుగవలసినదే. కాని అడుగువాడు తన బిడ్డను ఆ పొలములోనికి పంపి అడిగిన ఇంకను బాగుండును.

ఇప్పుడు చెంచులయొద్దకు వత్తము. నల్లమలలో కృష్ణకు ఇరువైపుల నివసించు వీరిని గూర్చి హైమెండార్ఫ్ అను శాస్త్రజ్ఞుడు 1943లో ఒక గ్రంథము ప్రకటించెను. వీరు విల్లంబులు ధరించినను, వీరి జీవనాధారము ప్రధానముగా దుంపలు, పండ్లు, తేనె. మాంసము ఎప్పుడో గాని దొరకదు. దొరకిన మృగమునుండి ఒక ముక్కను ముందు గారెల మైసమ్మకు నివేదించి గాని తినరని ఆ గ్రంథకర్త వ్రాసెను. నివేదింపని అన్నము తినరాదనుట మన సంప్రదాయమునకు ప్రాణము. పట్టణములో హోటలులో తినునప్పుడు మనలో ఎంతమంది కన్నులు మూసికొని ఒక్క నామమైనను స్మరించుచున్నాము? అడవివాడు స్మరించుచున్నాడు.

1972లో వన్యప్రాణి సంరక్షణచట్టము వచ్చెను. 1983లో నల్లమలలోని నాగార్జునసాగర్-శ్రీశైలము అరణ్యము పులుల రక్షణకేంద్ర మయ్యెను. 2014 రాష్ట్రవిభజన తరువాత తెలంగాణవైపు భాగము అమ్రాబాదు పులుల కేంద్రముగా వేఱుపడెను. చట్టము మంచిదే. అది రాకున్నచో పులి కథలలో మిగిలెడిది. అయితే ఆ చట్టమువలన, నిజాముల కాలమున తుపాకులతో వచ్చినవారు చేసిన నాశనమునకు, తరతరములుగా విల్లుతో బ్రదికినవారు కూడ జవాబు చెప్పవలసివచ్చెను. తాత చేసిన పని మనుమనికి నేరమయ్యెను. ఆ మనుమలే నేడు అనేకులు అటవీశాఖవారి శిబిరములలో కాపలాదారులుగా పనిచేయుచు, అడుగుజాడలనుబట్టి పులులను గుర్తించి కాపాడుచున్నారు. మృగయువు అనగా వెదకువాడని పైన చెప్పితిని. వారు ఇప్పటికిని వెదకుచునే యున్నారు, అమ్ము మాత్రము లేదు.

కావున అహోబిలయాత్ర చేసిన ఆ పెద్దమనిషి ప్రశ్నకు నా సమాధాన మిది. చెంచులక్ష్మిని పరిణయమాడిన స్వామికి చెంచులు పరాయివారు కారు. అల్లుడు ఇంటినుండి బయలుదేరునప్పుడు అత్తవారు తమకు తెలిసిన విద్యతో మర్యాద చేయుదురు. బ్రాహ్మణుడు వేదము చదువును, మేళగాడు సన్నాయి ఊదును, చెంచువాడు బాణము వేయును. ఎవరి విద్య వారు సమర్పించుచున్నారు. అపచారము బాణములో లేదు. వరుసలో ముందు నిలిచిన చెంచు ముసలమ్మను చూచి చీర కొంగు దగ్గరకు లాగుకొనిన, అది భాగవతాపచారము.

తిరుమల పారువేటను గూర్చి అడిగిన తల్లికి, మనుమనితో ఇట్లు చెప్పుమంటిని: స్వామి జింకను చంపడు. దుష్టమృగముల భయమునుండి అడవిలోను ఊరిలోను ఉన్నవారిని కాపాడుట రాజు పని. స్వామి రాజు గనుక ఏడాదికి ఒకసారి ఆ పనిని గుర్తుచేయును. బాలుడు అంతటితో తృప్తిపడినాడో లేదో తెలియదు. పిల్లలు రెండవ ప్రశ్న సిద్ధముగా నుంచుకొందురు.

మన ఆచార్యులు వేటగానిని ఎట్లు చూచిరో తెలుపు ఒక వృత్తాంతము గురుపరంపరా ప్రభావమున కలదు. శ్రీపరాశరభట్టరు అడవిమార్గమున పోవుచుండగా ఒక వేటగాడు కుందేటిపిల్లను పట్టెను. తల్లికుందేలు వాని వెంటబడి, కాళ్లవద్ద పడి వేడుకొనెను. వాడు జాలిపడి పిల్లను విడిచిపెట్టెను. దానిని విని భట్టరు మూర్ఛిల్లిరట. శరణాగతిశాస్త్రము కుందేటికి ఎవరు చెప్పిరి? శరణన్నదానిని విడువవలెనని వేటగానికి ఎవరు చెప్పిరి? ఏమియు తెలియని వేటగాడే ఇంతటి దయ చూపగా, సర్వజ్ఞుడైన సర్వేశ్వరుడు శరణాగతుని ఎట్లు విడుచునని వారు కరగిపోయిరి. భట్టరంతటి ఆచార్యులు వేటగానియందు పాపిని వెదకలేదు, భగవద్గుణమును చూచిరి. విభీషణశరణాగతి సమయమున శ్రీరామచంద్రుడు ఉదాహరించినదియు పావురమును వేటగాడును గూర్చిన కథయే. తన భార్యను పట్టిన వేటగాడు చలికి ఆకలికి నకనకలాడుచు చెట్టుక్రిందికి రాగా, మగపావురము వానికి నిప్పు తెచ్చి, తానే అందులో పడి ఆహారమయ్యెను. శాంతిపర్వమున ఆ కథ ముగింపును చదువువారు తక్కువ. పావురమునకు స్వర్గమని అందఱికిని తెలియును. ఆ వేటగాడును వలలను విడిచి, వ్రతమూని, అడవిలో దావాగ్నికి ఆహుతియై స్వర్గమునకే పోయెను.

భాగవతము ఏకాదశస్కంధమున జరుడను వేటగాడు కనబడును. ముసలపు ఇనుపముక్కతో చేసిన అమ్ము వాని చేతిలో నుండెను. అశ్వత్థవృక్షముక్రింద కూర్చున్న స్వామి పాదమును చూచి లేడిముఖమనుకొని కొట్టెను. దశరథుడు చేసినదియు ఇదియే: పూర్తిగా చూడకుండ కొట్టుట. దగ్గరకు వచ్చి చతుర్భుజుడైన పరమపురుషుని చూచి, వణకుచు పాదములపై పడి, పాపిని, నన్ను వెంటనే వధింపుము అని వేడెను. స్వామి వానిని భయపడకుమని లేవనెత్తి, ఇది నా సంకల్పమే యని చెప్పెను. జరుడు ముమ్మారు ప్రదక్షిణము చేసి, విమానమెక్కి స్వర్గమునకు పోయెను. తులసీపరిమళమును మోసికొనివచ్చు గాలిననుసరించి సారథియైన దారుకుడు స్వామిని వెదకుచు అచటికి చేరునది ఆ తరువాతనే.